పాత రేడియోకి కొత్త కండెన్సరు వేస్తే తప్పేంటి?

అటక మీంచి వాల్వు రేడియో దించగానే చాలామంది చేసే మొదటి పని, దుమ్ము తుడిచి ప్లగ్గు పెట్టడం. నెల్లూరు తీరంలో అంతకన్నా చెడ్డ పని ఇంకోటి లేదు.

మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వైపు ఇళ్లలో ఒకప్పుడు రేడియో సిలోన్ నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు, 1957లో మొదలైన వివిధభారతి పాటలు ఇలాంటి సెట్లలోంచే వచ్చేవి. నెల్లూరు జిల్లావాడైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో సినిమాల్లోకి వచ్చేనాటికి ట్రాన్సిస్టర్లు వచ్చినా వాల్వు సెట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఇప్పుడు వాటిని మనవలు బయటికి తీస్తున్నారు. కొందరు లోపలి భాగాలన్నీ పీకేసి బ్లూటూత్ బోర్డు పెడుతున్నారు. ఇంకొందరు ఒక్క స్క్రూ కూడా కదపకూడదు, ఒరిజినల్‌గానే ఉండాలంటున్నారు. మొదటివాళ్లు చేసేది విధ్వంసం. రెండోవాళ్ల మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ, సెట్టును కాల్చేది అదే.

ఎందుకంటే దోషి సాధారణంగా వాల్వు కాదు, మైనం పూసిన కాగితపు కండెన్సరు. ఉప్పుగాలిలోని తేమను అది ఏళ్ల తరబడి పీల్చుకుంటుంది. పైకి గుండ్రంగా, గోధుమ రంగులో, చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం కరెంటు లీకవుతుంటుంది. ఔట్‌పుట్ వాల్వు ఈఎల్84 అనుకుందాం. దాన్ని అదుపులో ఉంచే నెగటివ్ వోల్టేజి, అంటే బయాస్, 7 వోల్టుల చిల్లర. దానికి ముందుండే కాగితపు కప్లింగ్ కండెన్సరు 10 మైక్రో ఆంపియర్లు లీకైతే చాలు, 470 కిలో ఓముల గ్రిడ్ రెసిస్టరు మీద దాదాపు 5 వోల్టులు తప్పుడు దిక్కున చేరతాయి. వాల్వు ప్లేటు ఎర్రబడుతుంది, ఆనక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కండెన్సరు కొన్ని రూపాయలకే దొరుకుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఈరోజు బజారులో దొరకదు, చుట్టించుకోవాల్సిందే. అసలే తీరప్రాంతపు తేమకు దాని సన్నటి రాగి తీగ పచ్చగా చిలుమెక్కి తెగిపోతుంటుంది.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ల సంగతి వేరు. అవి ఎండిపోయి గుయ్యిమని హమ్ పెడతాయి కాబట్టి ఎవరికైనా తెలిసిపోతుంది.

అమెరికాలో 1946లో వచ్చిన వుర్లిట్జర్ 1015 జూక్‌బాక్సును బాగుచేసేవాళ్లు కూడా దాని ఆంప్లిఫయర్‌లో మొదట మార్చేది కండెన్సర్లనే. అందుకని అది 1946 నాటిది కాకుండా పోదు. పట్టుదల ఉన్నవాళ్లు పాత మైనపు గొట్టాన్ని ఖాళీ చేసి అందులో కొత్త ఫిల్మ్ కండెన్సరు దూర్చి మళ్లీ మైనంతో మూస్తారు. తీరికుంటే ముచ్చటైన పనే.

మంచి మెకానిక్ సెట్టును నేరుగా కరెంటుకు కలపడు, 60 వాట్ల సిరీస్ బల్బు పెట్టి చూస్తాడు. బల్బు నిండుగా వెలిగిందంటే లోపల షార్టు. ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచే సెట్టయితే ఛాసిస్‌కే కరెంటు ఉండొచ్చు, చెయ్యి పెట్టనివ్వడు. క్యాబినెట్, డయలు, స్పీకరు, పనిచేస్తున్న వాల్వుల జోలికి పోడు. తీసిన కండెన్సర్లను కవరులో వేసి, ఏది ఎక్కడిదో రాసి, వెనక అట్ట లోపల అతికిస్తాడు. ఇలాంటి పనికి గంటలు పడతాయి. పాలిషుకు వేలు పోసే యజమానులు అతని కూలి దగ్గరే బేరాలాడుతున్నారు.