సంఘపు వెబ్‌సైటు పని గుత్త కియ్యవచ్చునా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సహకార సంఘములలో నిటీవల నొక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. యంత్రముల యద్దె, గిడ్డంగి, ఎరువుల నిలువ, విత్తనముల సరఫరా మొదలగు సేవలను సభ్యులకు తెలుపుటకై వెబ్‌సైటు తెఱవదలచిన పాలకవర్గములవారు, దాని సాంకేతికమైన యేర్పాటును బయటివారికి గుత్త కిచ్చుటయా, సంఘపు సిబ్బంది చేతనే చేయించుటయా యని తర్కించుచున్నారు. మా యభిప్రాయము నడిగిన సభ్యులును గలరు. మేము సాంకేతిక నిపుణులము కాము. సంఘముల తీర్మానములను, లెక్కలను, వాని మంచిచెడ్డలను చిరకాలముగా చూచుచున్నవారము. ఆ యనుభవమును బట్టియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వెబ్‌సైటు మనకు నిజముగా కావలయునా యన్నది మొదటి ప్రశ్న. ఒక ట్రాక్టరును, నూఱుమంది సభ్యులును గల చిన్న సంఘమునకు కార్యాలయపు గోడమీది నల్లబల్లయు, వాట్సాప్ బృందమును చాలును. పొరుగు సంఘము తెఱచినది గాన మనమును తెఱవవలె ననుట వ్యర్థవ్యయమునకు దారి. కాని పెక్కు గ్రామములకు యంత్రము లంపు సంఘముల స్థితి వేఱు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గఱగా తీరము దాటినది. కోతకు వచ్చిన వరియు, కోసి పనలమీద నున్న వరియు నీట నానినవి. అట్టి దినములలో కోతయంత్ర మెచ్చట నున్నది, గంట కెంత యద్దె, టార్పాలిను పట్ట లింకను నిలువ యున్నవా యని రైతు లందఱు నొక్కమాఱే యడుగుదురు. కార్యదర్శికి గల ఫోను ఒక్కటి, నోరును ఒక్కటే. ఆ సమాధానము లెల్లరకు నొక్కచోట కనబడు నేర్పాటున్న యెడల, ఒక్క దినము ముందుగా కోసికొన్న చేను దక్కును. మనకు వెబ్‌సైటు వలన నాశింపదగిన లాభ మిదియే కాని, సంఘాధ్యక్షుని చిత్రపటమును లోకమునకు చూపుట కాదు.

అవసర మున్నదని తేలిన పిమ్మట రెండు వాదములు పుట్టుచున్నవి. కార్యదర్శిగారి కుమారుడో, గుమాస్తాగారి మేనల్లుడో యింజనీరింగు చదువుచున్నాడు, ఆతడు ఖర్చు లేకుండ చేసి పెట్టునని కొందఱందురు. అంతయు నొక కంపెనీ కప్పగించి, యేటేట నింత యని చెల్లించి చేతులు దులుపుకొంద మని మఱికొంద ఱందురు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. ఏల యన, ఆ పని యెట్టిదో విడదీసి చూడక యిరుపక్షములవారును దాని నొక్క మూటగా భావించుచున్నారు.

ఆ మూటను విప్పి చూతము. ప్రథమమున సంఘమున కొక పేరు నమోదు చేయవలయును. దీనిని డొమైన్ పేరందురు. మన దేశపు ‘.ఇన్’ తోడి పేర్లు గలవు. తెలుగు లిపిలోనే ‘.భారత్’ అను తుదితో పేరు పెట్టుకొనుటకును వీలున్నది. సహకార సంస్థలకే ప్రత్యేకింపబడిన ‘.కోఆప్’ 2002 నుండి వాడుకలో నున్నది. రెండవది, పుటలు నిలువ యుండుటకు కంప్యూటరులో నద్దెస్థలము. మూడవది, ఆ పేరును ఆ స్థలముతోను, సంఘపు ఈమెయిలుతోను కలుపు చిరునామాల పట్టిక. ఈ పట్టికలో నొక్క పంక్తి తప్పిన యెడల పుట కనబడుచుండియు ఉత్తరములు రాకుండ పోవచ్చును. నాలుగవది, చదువరికిని పుటకును నడుమ మాటలు పరులు చదువకుండ కాపాడు భద్రతా పత్రము. ఐదవది, తక్కువ ధర ఫోనులలోను, బలహీనమైన సిగ్నలులోను పుట తెఱచుకొనుచున్నదా యని పరీక్షించుట. తుదకు, సేవల వివరములను, ధరలను, తేదీలను తెలుగులో వ్రాసి యెప్పటికప్పుడు మార్చుచుండుట.

వీనిలో మొదటి యైదును ప్రారంభమున నొక్కమాఱు శ్రద్ధతో చేయవలసినవి. నేర్చినవానికి కొలది దినముల పని; నేరనివానికి నెలల తల్లడము. ఖరీఫు నాట్ల కాలమున యూరియా కొఱకు వరుసలో నిలిచిన సభ్యులను విడిచి, మన గుమాస్తా యీ పట్టికలతో కుస్తీ పట్టుట సంఘమునకు లాభము కాదు. ఖర్చు లేదనుకొన్న పని కిదియే ఖర్చు. జీత మిచ్చుచున్న మనిషి గడియలను లెక్కలో వేయక, పైకి రూపాయి పోలేదని సంతోషించుట మంచి లెక్క కాదు. చదువుకొను పిల్లవాని మాటయు నంతే. వాడు బుద్ధిమంతుడే కావచ్చును. కాని పరీక్షలు రాగానే, హైదరాబాదులో నుద్యోగము దొరకగానే పని మధ్యలో నిలుచును. ఉచితముగా చేసినవానిని గట్టిగా నడుగుటకు మనకు నోరు రాదు. కావున ఈ యైదు పనులను తెలిసినవారికి కూలి యిచ్చి చేయించుటయే మేలని మా నిశ్చితాభిప్రాయము.

అయితే పని యప్పగించుట వేఱు, హక్కు నప్పగించుట వేఱు. మా సంఘమునకు జరిగిన దానిని దాపరికము లేక చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట మేము పాలకవర్గమున నుండగా నొక గుత్తదారునిచేత వెబ్‌సైటు చేయించితిమి. పని చక్కగానే చేసెను. పేరును మాత్రము తన పేరిట, తన ఈమెయిలుతో నమోదు చేసికొనెను. మేము రసీదు చూచితిమి. ఎవరి పేరిట నున్నదో చూడలేదు. ఆతడు వేఱొక యూరికి పోయెను, ఫోను మార్చెను. గడువు తీఱుచున్నదను హెచ్చరిక లన్నియు నాతని పాత ఈమెయిలుకే పోయెను. ఒక యుదయమున పుట కనబడలేదు. కొలది మాసములకు మా సంఘపు పేరు మఱెవరి చేతిలోనో పడెను. విత్తనపు సంచుల మీదను, రసీదు పుస్తకముల మీదను మేమచ్చు వేయించిన చిరునామా యెందులకును పనికి రాకపోయెను. ఆ గుత్తదారుడు మోసగాడని మే మనము. మేమడుగవలసిన ప్రశ్నను మే మడుగలేదు. తప్పు మాది.

డెల్టా రైతునకు దీనిని విప్పి చెప్ప నక్కఱలేదు. కృష్ణ పడమటి కాలువల క్రింద సేద్యము చేయు మనకు, పిల్లకాలువ పూడిక తీయుటకు కూలీలను పెట్టుట వాడుకయే. పూడిక తీసిన కూలివాడు పోవునప్పుడు తూము తాళమును తన మొలకు కట్టుకొని పోవుట మాత్ర మెచ్చటను లేదు. కట్టడము మేస్త్రీ కట్టును. దస్తావేజు యజమాని పేరిట నుండును. లెక్కలు వ్రాయువాడు వ్రాయును. చిట్టా ఆవర్జాలు సంఘపు బీరువాలో నుండును. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చిన నాటినుండి సంఘములు నేర్చిన పాఠమిదియే. వెబ్‌సైటు క్రొత్తదైనను ఆ పాఠము పాతబడలేదు.

కావున గుత్త కిచ్చునప్పుడు కాగితముమీద వ్రాసికొనవలసిన షరతు లివి. మొదటిది, పేరు సంఘము పేరిటనే, సంఘపు ఈమెయిలుతో, సంఘపు ఖాతానుండి చెల్లించిన సొమ్ముతో నమోదు కావలయును. ‘.ఇన్’ పేరును ఒక్కమాఱు పదియేండ్ల వఱకు నమోదు చేసికొనవచ్చును గాన ఏటేట మఱచు భయమును తగ్గించుకొనవచ్చును. రెండవది, అద్దెస్థలపు ఖాతాయు, చిరునామాల పట్టికయు, వాని రహస్య పదములును కార్యదర్శికిని, మఱియొక బాధ్యుడైన డైరెక్టరునకును తెలిసి యుండవలయును. ఒక్కనికే తెలిసిన తాళము తాళము కాదు. మూడవది, పుట లన్నిటికి నకలు నెలకొకమాఱు సంఘపు కంప్యూటరులోనికి రావలయును. ఆ నకలు నుండి తిరిగి నిలుపవచ్చునని తుది చెల్లింపునకు ముందే గుత్తదారుడు చేసి చూపవలయును. నాలుగవది, పాఠ్యమంతయు యూనికోడ్ తెలుగులో నుండవలయును. అచ్చుపనికి వాడు పాత ఫాంట్లతో టైపు చేసినది ఫోనులో పిచ్చి గీతలుగా కనబడును, వెదకినను దొరకదు. ఐదవది, ధరను, తేదీని, నిలువను మార్చు విధమును మన గుమాస్తాకు నేర్పి, ఆతడు తన చేతులతో రెండుమాఱులు మార్చిన తరువాతనే పని పూర్తియైనట్లు ఒప్పుకొనవలయును.

భద్రతా పత్రమును గూర్చి యొక మాట. 2015 నుండి దీనిని ఉచితముగా నిచ్చు లాభాపేక్ష లేని సంస్థ యున్నది. దాని పత్రములకు మొదటినుండి వాడుకలో నున్న గడువు 90 దినములు. ధర చెల్లించి కొను పత్రముల గడువును సైతము క్రమముగా తగ్గించి, 2029 మార్చి నుండి 47 దినములకు మించకుండ చేయుటకు 2025లో నిర్ణయ మైనది. మనిషి గుర్తుంచుకొని చేయవలసిన పనిగా దీనిని విడిచిన యెడల ఏ కోతల నడుమనో గడువు తీఱును. ‘ఈ పుట సురక్షితము కాదు’ అను హెచ్చరికను చూచి సభ్యులు వెనుదిరుగుదురు. తనంత తానే క్రొత్తది తెచ్చుకొను నేర్పాటు చేసితివా యని గుత్తదారు నడుగుడు.

ఇక గుత్త కెన్నడు నీయరానిది సంఘపు మాట. బాపట్లనుండి 1986లో విడుదలయైన బీపీటీ 5204 అను సాంబమసూరికిని మఱియొక వరికిని గల తేడా పరాయి గుత్తదారు నెఱుగడు. మాగాణిలో మినుము చల్లు దినములలో సభ్యు డేమడుగునో, దుగ్గిరాల పసుపు రైతునకు గిడ్డంగిని గూర్చి యేమి తెలియవలయునో ఆతనికి తెలియదు. ఆతనికి విడిచిన యెడల విదేశపు పొలముల చిత్రములును, అర్థము లేని గొప్ప మాటలును పెట్టును. సభ్యునకు కావలసినది రేపటి యద్దెయు, నేటి నిలువయు. దానిని వ్రాయగలవాడు మన గుమాస్తాయే.

అట్లే సభ్యుల ఖాతాలను, అప్పులను, ఆధారు సంఖ్యలను ఈ వెబ్‌సైటులోనికి తేగూడదు. పరపతి సంఘముల లెక్కలకై కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 63,000 సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. దానిలో అందఱకు నొకటే ఉమ్మడి సాఫ్టువేరు. లెక్కల త్రోవ అది. సేవల ప్రకటన త్రోవ ఇది. రెండింటిని కలిపిన యెడల, వెబ్‌సైటు చేసిన గుత్తదారుని చేతిలో సభ్యుల గుట్టు పడును. యంత్రము కోరువానినుండి పేరు, ఊరు, ఫోను తప్ప మఱేమియు నడుగ బని లేదు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పనిని ఇతరులచేత చేయించినను సమాచారమునకు బాధ్యత సేకరించిన సంస్థదే యని చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారిగా అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినవి. గుత్తదారుని చూపి మనము తప్పించుకొనుటకు వీలు లేదు.

చిన్న సంఘములకు గుత్త సొమ్మును భారమే కదా యని యడుగవచ్చును. నిజమే. ఒక్కొక్క రైతు ట్రాక్టరు కొనలేకయే కదా మనము సంఘముగా గూడితిమి? సంఘములును అట్లే గూడరాదా? తెనాలి వైపు మూడు సంఘములో, రేపల్లె వైపు నాలుగు సంఘములో కలసి యొక్క నిపుణునితో మాటాడుకొని, ఒకే నమూనా మీద అన్నిటికిని పని చేయించుకొనవచ్చును. ఖర్చు పంచుకొనుడు, పేరును, తాళమును మాత్రము ఏ సంఘమున కా సంఘమే యుంచుకొనుడు. ఒక సంఘపు గుమాస్తా సెలవులో నున్నప్పుడు పొరుగు సంఘపు గుమాస్తా చెప్పిపెట్టగలడు. ఏలయన ఇద్దఱు నేర్చినది నొక్కటే.

రాబోవు మహాజన సభలో ఈ విషయము చర్చకు వచ్చునప్పుడు సభ్యులు మూడు ప్రశ్న లడుగవలయునని మా మనవి. పేరు ఎవరి పేరిట నమోదగును? గుత్తదారుడు రేపు లేకపోయిన యెడల ఎల్లుండి ధర మార్చువా డెవడు? ఆ మార్పును మన గుమాస్తా ఎదుట నిలిచి చేసి చూపగలడా? ఈ మూటికి తిన్నని సమాధానము దొరకిన యెడల గుత్త కిచ్చుటకు సంకోచింప బనిలేదు. దొరకని యెడల, గుత్త యెంత చవుకయైనను తీర్మానమును మఱు సభకు వాయిదా వేయుడు.