స్విచ్చుల కూటమిని గూర్చి

డోర్నకల్ విద్యార్థులకు జంక్షన్ అనగానేమో మేము బోధింప నక్కఱలేదు. కాజీపేట నుండి విజయవాడకు బోవు రైలుమార్గము నుండి భద్రాచలం రోడ్డు శాఖ యిచ్చటనే చీలుచున్నది. పాయింట్లును సిగ్నళ్లును ఒకదానితో నొకటి పొందికగా మెలగకున్నచో బండ్ల గతి యేమగును? ఆ పాయింట్లనే అమెరికావారు స్విచ్చులందురు. కంప్యూటర్ల గదిలోని స్విచ్చియు నట్టిదే. వచ్చిన సమాచారమును చేరవలసిన దారికి మరల్చును.

స్విచ్చికి సాధారణముగా 24 గాని 48 గాని పోర్టులుండును. అవి చాలనప్పుడు మఱియొకటి కొని మామూలు తీగతో దగిలించుట వాడుక. అప్పుడవి రెండు వేర్వేరు యంత్రములే. దేనిని దానికే దిద్దుకొనవలెను. స్టాకు అట్టిది కాదు. ప్రత్యేకమైన కేబుళ్లతో గూర్చినచో అన్నియు నొకే చిరునామాతో, ఒకే కాన్ఫిగరేషనుతో నడచును. 2003లో సిస్కోవారు 3750 శ్రేణితో దెచ్చిన స్టాక్‌వైజ్ పద్ధతిలో 9 స్విచ్చులవఱకు నిట్లు చేర్చవచ్చును.

ఐతే చేర్చిన వెంటనే యది పనిచేయుటయే మనవారిని చెఱచుచున్నదని మా యభిప్రాయము. కడపటి స్విచ్చి నుండి మొదటిదానికి మరల కేబులు వేసి వలయము పూర్తిచేయవలెను. ఆ యొక్క కేబులు లేకున్నను పని జరుగును గనుక దానిని మానివేయుదురు. నడుమ నున్న స్విచ్చి యాగిననాడు స్టాకు రెండు ముక్కలై, రెండును ఒకే చిరునామా తమదేయని పలుకును. వలయమున్నచో ఒక కేబులు తెగినను వేగము తగ్గును గాని కూటమి చెడదు.

ఇక మాస్టరు మాట. ప్రాధాన్యపు సంఖ్య 1 మొదలు 15 వఱకు నీయవచ్చును. మన మేమియు జేయనిచో అన్నిటికిని 1 యే. అన్నియు సమానమై యొక్కసారి మేల్కొన్నప్పుడు, తుదకు మ్యాక్ చిరునామా తక్కువగా నున్నదానికి పెత్తనము దక్కును. అది తఱచుగా మిక్కిలి పాతదై యుండును. ఇది వృద్ధులయెడ గౌరవము కాదు, కేవలము కాకతాళీయము! కావున గట్టిదానికి 15, దాని తరువాతిదానికి 14 అని ముందే వ్రాయవలెను. ఐక్యతకై పాటుపడిన అజరయ్య బిషపుగారు 1945 జనవరి 1న గతించినను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది గదా. తరువాత భారము మోయువారు సిద్ధముగా నుండిరి.

మే మెఱిగిన యొక కార్యాలయమున, ఫీజు రసీదులిచ్చు దినముననే, పాత స్విచ్చి నొకదానిని విద్యుత్తు ఆర్పకయే నడచుచున్న స్టాకునకు దగిలించిరి. దాని ప్రాధాన్యపు సంఖ్య యెక్కువ. క్షణములో నున్న మూడును ఆగి, తిరిగి లేచి, ఆ పాతదాని కాన్ఫిగరేషనునే శిరసావహించినవి. సాయంకాలము వఱకు తలిదండ్రులు వరుసలో నిలువబడిరి. విద్యుత్తు ఆర్పి చేర్చి, పిమ్మట వెలిగించినచో నీ యవస్థ లేకపోయెడిది.

24 పోర్టులు చాలుచోట స్టాకు వ్యర్థవ్యయమే; దాని నచ్చట మేము కోరము. అన్నిటియందును సాఫ్ట్‌వేరు ఒకటిగా నుండవలెను. దానిని మార్చునప్పుడు సాధారణముగా కూటమి యంతయు నొక్కసారి ఆగును. కావున ఆ పని పరీక్షల వారమున గాక వేసవి సెలవులలో జేయుట మేలు.