ఓటు బొబ్బిలిలో, పన్ను రాయగడలో

న్యూజెర్సీలో కాపురముంటూ పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకరు మొన్న బొబ్బిలి వచ్చారు. ఆ రెండు రాష్ట్రాల మధ్య 1977 నాటి ఒప్పందం ఒకటి ఉంది. పని ఏ గట్టున చేసినా, జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను ఇల్లున్న రాష్ట్రానికే కడతారు. 2016లో న్యూజెర్సీ గవర్నరు దాన్ని రద్దు చేస్తానని, ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గారు. ఇదంతా చెప్పి, "మీకీ తద్దినం లేదు, అదృష్టవంతులు" అన్నారాయన. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నిజమే, మన దేశంలో వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను కేంద్రానిది. మరి వృత్తిపన్నో? రాజ్యాంగం 276వ అధికరణం దాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. 1988లో 60వ సవరణ దాని గరిష్ఠ పరిమితిని ఏడాదికి 250 రూపాయల నుంచి 2500కు పెంచింది.

ఇప్పుడు బొబ్బిలిలో రైలెక్కి, పార్వతీపురం, కూనేరు దాటి, రాయగడలో కొలువు చేసే మనిషిని తలచుకోండి. అతని జీతంలో కోసిన వృత్తిపన్ను ఒడిశా ఖజానాకు పోతుంది. అతని రేషను కార్డు, పిల్లల బడి, ముసలి తల్లి వెళ్ళే ఆసుపత్రి, చివరికి అతని ఓటు, అన్నీ ఇక్కడే. పన్ను తీసుకునే ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు అతనికి లేదు. నిలదీయగల ప్రభుత్వానికి అతను ఆ పన్ను కట్టడం లేదు. పైగా ఆ 2500 పరిమితి ఒక్కొక్క రాష్ట్రానికి విడివిడిగా చెప్పినది. రెండు చోట్లా వృత్తి సాగించేవాడికి రెండు పరిమితులు!

పని కల్పించిన రాష్ట్రానిదే పన్ను అనేవారున్నారు. ఆ వాదంలో కొంత న్యాయముంది, కాదనను. కాని మిల్లు వల్ల వచ్చే ఫలం ఆ రాష్ట్రానికి వేరే దారుల్లోనూ దక్కుతోంది. కార్మికుడి ఇంటిబరువు మోసే రాష్ట్రానికి ఈ కాసింతయినా చెందకూడదా?

"ఇంత చిన్న మొత్తానికి ఇంత రభసా?" అంటారేమో. చిన్నదే. అందుకే వదులుకోవడం ఏ రాష్ట్రానికీ కష్టం కాదంటాను.

1936 ఏప్రిల్ 1కి ముందు ఈ గొడవే లేదు. బొబ్బిలీ, రాయగడా ఒకే విశాఖపట్నం జిల్లా. గీత గీసిననాడు మద్రాసు ప్రధానిగా ఉన్నది సాక్షాత్తూ మన బొబ్బిలి రాజావారే!

అంతర్రాష్ట్ర బస్సుల కోసం రెండు ప్రభుత్వాలూ కూర్చుని పరస్పర ఒప్పందాలు రాసుకుంటాయి. బస్సుకున్న ఆ మర్యాద అందులో కూర్చున్నవాడికి లేకపోయింది. ప్రాంతీయ మండలిలో తేల్చుకుందామంటే, ఆంధ్ర దక్షిణ మండలిలో, ఒడిశా తూర్పు మండలిలో ఉన్నాయి. సరిహద్దు పంచుకునేవాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోరు.

కనుక ఇద్దరూ నేరుగా రాసుకోవాలి: నిత్యం సరిహద్దు దాటి పనికి పోయేవాడి వృత్తిపన్ను ఒక్కసారే, ఇల్లున్న రాష్ట్రానికే. రెండు పేజీల పని. రాయగడ పక్కనే జేకేపూర్ మిల్లు ఉంది, కాగితానికి కొరత లేదు.