ఆధార కేంద్రముల స్థలనిర్ణయము

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమందు ఆరంభమైన భూముల పునఃసర్వే, కొలత గొలుసును విడిచి, ఉపగ్రహ సంకేతములను ఎడతెగక గ్రహించుచు స్థాననిర్ణయమునకు ఆధారమగు, సర్వే ఆఫ్ ఇండియా తోడ్పాటుతో నెలకొనిన కోర్స్ కేంద్రములను ప్రమాణముగా గైకొనుటతో, వానిని ఎచ్చట నిలుపవలెనన్నది రైతు పొలముగట్టుకు సంబంధించిన ప్రశ్నయైనది. కేంద్రపు స్తంభము వానకు ఉబ్బి వేసవికి కుంగు నల్లరేగడిపై నిలిచినను, చెంతనున్న కట్టడములనుండి ప్రతిఫలించు సంకేతములను గ్రహించినను, ఆ దోషము కంటికి గోచరింపక, దాని నాశ్రయించిన గ్రామములన్నిటి హద్దులకును సంక్రమించును. కరెంటును, ఇంటర్నెట్టును చేరువనుండునని కార్యాలయపు మిద్దెను ఎంచుకొనుట సుకరమే. కాని గట్టి రాతినేలయు, నలుదెసల తెరపియైన ఆకాశమును ముందుగ చూడవలెను. ఉపగ్రహ సంకేతములను చెదరగొట్టు అయనోమండల క్షోభ అధికమైన మన అక్షాంశములలో, కేంద్రముల నడిమి దూరమును శీతల దేశముల కొలతతో నిర్ణయించుట అసమంజసము. ప్రతి కేంద్రపు స్థలపరీక్షా ఫలితములను, ఏటేట దాని చలనమును ప్రభుత్వము ప్రకటింపవలెను.