కణానికి కావలివాడు

కాల్షియం అనగానే మనకు ఎముకలూ, పాలూ, తాంబూలంలోకి రాసుకునే సున్నమూ జ్ఞాపకం వస్తాయి. కాని ఆ సున్నపు ధాతువే మన ఒంట్లో కణాలకు కబుర్లు మోసే బంటు కూడా! కణం వెలుపల వున్న కాల్షియంలో సుమారు పదివేలవ వంతు మాత్రమే లోపల విడిగా తిరుగుతూ వుంటుంది. తలుపు కాస్త తెరుచుకున్నదా, బిలబిలమంటూ లోపలికి వస్తుంది. ఆ రాకే కబురు.

ఈ తలుపు ఒక మాంసకృత్తు. పేరు ఒరాయ్-1. గ్రీకు పురాణాల్లో స్వర్గద్వారం కాచే దేవతల పేరట అది. మనవాళ్ళయితే జయవిజయులని పెట్టి వుండేవారు! కణం లోపల కాల్షియం దాచుకునే కొట్టు ఒకటి వున్నది. అందులో నిలవ తగ్గితే స్టిమ్-1 అనే మరో మాంసకృత్తు కనిపెట్టి, గోడదాకా పోయి ఈ తలుపు తెరిపిస్తుంది.

దీని జాడ తెలిసింది 2006లో. తెలిసిన తీరు మాత్రం మనసు కలచివేస్తుంది.

ఒక ఇంట ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఇద్దరినీ పసితనంలోనే అంటురోగాలు చుట్టుముట్టాయి. నెత్తురు పరీక్ష చేస్తే తెల్లకణాలకు కొదవ లేదు. సైన్యం వున్నది, యుద్ధానికి మాత్రం కదలదు! కారణం, ఆ కణాల్లోకి కాల్షియం పోవటం లేదు.

తల్లిదండ్రులు ఆరోగ్యవంతులే. కాని వారి కణాల్లోకీ కాల్షియం కాస్త తక్కువగానే పోతున్నదని పరిశోధకులు గమనించారు. ఆ చిన్న లోపాన్నే ఆనవాలుగా పట్టుకొని బంధువులందరి నెత్తురూ పరీక్షించుకుంటూ పోయారు. మరో ప్రక్క ఈగల కణాల్లో ఒక్కొక్క జన్యువునే నోరు నొక్కి చూశారు. రెండు దారులూ ఒక్కచోటికే చేరాయి.

ఒరాయ్-1లో 301 ఆమ్లాలు గొలుసుగా వుంటాయి. వాటిలో 91వది ఆర్జినిన్ కావలసింది, ట్రిప్టోఫాన్ అయి కూర్చున్నది. అంతే తేడా! తలుపు తన చోటనే వున్నది గాని తెరుచుకోదు. తల్లిదండ్రుల కయితే చెరొక మంచి ప్రతి మిగిలింది. బిడ్డలకు రెండూ చెడ్డవే వచ్చాయి.

తెరుచుకోకపోవటమే కాదు, మూసుకోకపోయినా చిక్కే. స్టిమ్-1లో కొన్ని మార్పులవల్ల తలుపు ఎప్పుడూ తెరిచే వుండి కండరాలు దెబ్బతింటాయని 2013లో తేలింది.

ఆ బిడ్డల్లో ఒకడు ఏడాది నిండకుండానే పోయాడు. రెండోవాడికి పరుల ఎముకమూలుగ ఎక్కించారు. దానితో మంచి తలుపులున్న తెల్లకణాలు పుట్టాయి, బ్రతికాడు. అయితే మూలుగతో మారేది నెత్తురే గదా! కండరాలూ, స్వేదగ్రంథులూ పాతవే. అందుచేత కండరాల్లో సత్తువ చాలలేదు. ఎండ కాచినా ఒంటికి చెమట పట్టలేదు.