గోవాలో ఓ కునుకు

గోవా అంటే బీచ్‌లేనా? మధ్యాహ్నం బజారుకెళ్లి చూడండి... చాలా దుకాణాలకు తాళాలే! చేపల కూర, అన్నం తిని కునుకు తీశాకే మళ్లీ బేరం. ఆ తీరుబడి పేరు 'సుసెగాద్'. మాట పోర్చుగీసువాళ్లది. 1510 నుంచి 1961 డిసెంబరులో భారత సైన్యం విడిపించేదాకా ఏలింది వాళ్లే. జీడిమామిడి తెచ్చిందీ వాళ్లే. ఆ పండ్ల రసంతోనే గోవావాసులు ఫెనీ కాస్తారు. 1987లో రాష్ట్రమైన గోవా విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. దేశంలోకెల్లా చిన్న రాష్ట్రమిదే! ఇనుప ఖనిజం ఒకప్పుడు పెద్ద ఆదాయం. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2012లో, మళ్లీ 2018లో తవ్వకాలు ఆగినప్పుడు లారీలనే నమ్ముకున్న ఊళ్లు కుదేలయ్యాయి. పర్యాటకుల మీద ఆధారం పెరిగింది. వాళ్లొస్తేనే చేతిలో డబ్బు. వాళ్ల కోసం పొలాల్లో విల్లాలు లేస్తుంటే, ఆ మధ్యాహ్నపు కునుకు మిగులుతుందా అన్నదే పల్లెల బెంగ!