ఒకే కొలత రాయి

మొదటి ప్రపంచయుద్ధ మృతులకు శ్మశానవాటికలు ఎలా నిర్మించాలన్న ప్రశ్నకు 1918లో సర్ ఫ్రెడరిక్ కెన్యన్ సూటిగా జవాబిచ్చాడు. సేనాధిపతికైనా సిపాయికైనా రాయి ఒకే కొలతలో ఉండాలి. మతచిహ్నం మృతుడి విశ్వాసాన్ని బట్టి మారవచ్చు, రాయి మారరాదు. వివాదం 1920లో బ్రిటిష్ పార్లమెంటుకెక్కినా నియమం నిలిచింది. చెన్నై నందంబాక్కంలోని రెండో ప్రపంచయుద్ధ శ్మశానవాటికలో ఆ సమాన వరుసలను నేటికీ చూడవచ్చు.

అయితే ఆ సమానత్వం అందరికీ దక్కలేదు. మొదటి యుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా వాసుల్లో కనీసం 1,16,000 మందిని పేరుతో గాని, అసలే గాని స్మరించలేదని 2021లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ కమిటీయే ఒప్పుకొంది. వారిలో బరువులు మోసిన కూలీలే ఎక్కువ.

ఈ చరిత్రను తెలకపల్లి వంటి మండలంలో చదివితే మనకు కొత్తగా ఏమీ తోచదు. మన పల్లెల్లో శ్మశానానికీ కులముంది. గొయ్యి తవ్వే పని, డప్పు కొట్టే పని ఎవరి నెత్తిన వెట్టిగా మోపారో వేరే చెప్పాలా?

తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. అవసరమే. కానీ నమూనాలో ప్రధానమైనవి దహనవేదికలు. పేరు సైతం వైష్ణవమే! శవాన్ని పూడ్చే దళిత, బహుజన కులాలకు ఆ నక్షాలో చోటెక్కడ? అదే ప్రహరీలో ఖననస్థలం, అదే దారి, అదే నీరు, గొయ్యి తవ్వినవారికి పంచాయతీ కూలి: గ్రామసభలు ముందుగా తీర్మానించవలసినవి ఇవి.